పసుపా... నీలమా?

పడకగది గోడ మీద రెండు చదరాలు. ఒక్కోటి మూరెడు వెడల్పు. ఒకటి తంగేడుపువ్వులాంటి పసుపు. పక్కనే ఇంకోటి, వాన పడే ముందు మబ్బులాంటి ముదురు నీలం. పసుపు అమ్మ కోరిక. నీలం కొడుకు ఇష్టం. నిచ్చెన మీద పెయింటర్ మేస్త్రి. కింద షేడ్ కార్డు పట్టుకుని కోడలు. ఆమెను మాత్రం ఇంకా ఎవరూ ఏమీ అడగలేదు.

‘‘పసుపుపచ్చ ఏపియ్యి బిడ్డా. అర్రల ఎలుగు నిండాలె’’ అంటుంది పెద్దావిడ.

‘‘నేను పొద్దున ఆరింటికొచ్చి పండుకునేటోణ్ని. చుట్టూ పసుపు పెట్టుకుని నిద్రెట్ల పడ్తదమ్మా?’’ కొడుకు ప్రశ్న.

నానక్‌రామ్‌గూడలో పన్నెండో అంతస్తు ఫ్లాటు. ఎవరిదని అడక్కండి. ఒక్క ఇల్లనే కాదు, ఈ పేటలో ఏ టవర్ లిఫ్టు ఎక్కి ఏ బెల్లు కొట్టినా ఇలాంటి కుటుంబం ఒకటి తలుపు తీస్తుంది. అమెరికా వేళలకు పనిచేసే కొడుకు, ఊళ్లో ఇంటికి తాళం పెట్టి వచ్చేసిన తల్లి, రెండు పడకగదులు. ఒకటి కోడలికీ పిల్లకీ. రెండోదాంట్లో పగలు కొడుకు పడుకుంటాడు, రాత్రి తల్లి. ఒకటే మంచం, రెండు షిఫ్టులు! అందుకే ఆ గది రంగు దగ్గర పేచీ వచ్చింది. పైకి రంగు గొడవే. లోపల మాత్రం ఆ గది ఎవరిదన్న ప్రశ్న. తల్లి నాలుగు రోజులుండి పోయే చుట్టమా, ఇక ఇక్కడే ఉండే మనిషా అన్నది ఆ ఇంట్లో ఎవరూ నోరు తెరిచి అనుకోలేదు. గోడ దగ్గరికొచ్చేసరికి అనుకోక తప్పలేదు.

బండరాళ్ల ఊరు

నానక్‌రామ్‌గూడ అంటే ఇప్పుడందరికీ అద్దాల మేడలే గుర్తొస్తాయి. కానీ అది అసలు ఊరు. రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలంలో బండరాళ్ల మధ్య ఒదిగిన గూడెం. రంగబాగ్‌లో రంగనాథస్వామి కోవెల ఉంది. ఊరు పేటయినా, పేట నగరమైనా ఆ గోపురం అక్కడే ఉంది. ఇక ఆ బండలు... భూమి పుట్టుకలో చాలా పాతవి. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. కొన్ని బూడిదరంగు, కొన్ని లేత గులాబీ. ఈ నేలకు ప్రకృతి వేసిన తొలి రంగులవే. పునాదుల కోసం పగలగొట్టగా మిగిలినవి ఇప్పటికీ అక్కడక్కడా ప్రహరీల వెనక నుంచి తొంగిచూస్తుంటాయి.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలయ్యాక హైదరాబాదు పడమటికి నడవడం మొదలుపెట్టింది. గచ్చిబౌలి దాటి నానక్‌రామ్‌గూడ దాకా వచ్చేసరికి పదేళ్లు పట్టింది. 2008లో ఔటర్ రింగు రోడ్డు తొలి ముక్క, గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా తెరుచుకుంది. 158 కిలోమీటర్ల ఔటర్ మొత్తానికి ఈ మూలే ముఖద్వారమైంది. ఆ పక్కనే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. 2019లో అమెజాన్ ఇక్కడ తొమ్మిదిన్నర ఎకరాల్లో క్యాంపస్ తెరిచింది. అమెరికా కాన్సులేటు కూడా బేగంపేట పైగా ప్యాలెస్‌లోంచి సామాను సర్దుకుని 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకే వచ్చేసింది. పిల్లలకు వీసా వచ్చినా రాకపోయినా తల్లిదండ్రులు ఈ ఊరి పేరు మాత్రం నేర్చుకున్నారు.

రామానాయుడు స్టూడియో ఇక్కడ కట్టిన రోజుల్లో ఈ దారి పట్టేది ఎక్కువగా సినిమావాళ్లే. సెట్టు గోడలకు పొద్దున ఓ రంగు, సాయంత్రం ఓ రంగు. కెమెరాకు నచ్చితే చాలు. ఇళ్లకు అలా కుదరదు కదా! ఒకసారి వేస్తే అయిదారేళ్లు దాంతోనే కాపురం.

పాత ఊరి సందుల్లోకి వెళితే రంగుల లెక్క వేరు. చిలకాకుపచ్చ, నెమలి నీలం, గులాబీ. పక్కింటికి పోటీగా వేసినట్టే ఉంటాయి. గుమ్మానికి పసుపు, కుంకుమ బొట్లు. తలెత్తితే మాత్రం అద్దం, బూడిదరంగు, మళ్లీ అద్దం. సందులో నుంచి రోడ్డుకు వందడుగులు వేస్తే రంగులన్నీ ఎవరో తుడిచేసినట్టే! టవర్లలో బిల్డరు వేసిచ్చేది ఒకటే, మాసిన తెలుపు. ఎవరికీ నచ్చకపోయినా ఎవరూ కాదనని రంగు. అద్దె ఇళ్లయితే దాన్ని ముట్టుకోనివ్వరు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ ఖర్చుల కింద అడ్వాన్సులో కోతపెట్టే యజమానులున్న నగరంలో, గోడకు నచ్చిన రంగు వేసుకోవడమంటే సొంతిల్లు అన్న మాటకు తొలి సంతకం.

ఈ ఊళ్లో ఇంటి గురించి మాట్లాడేటప్పుడు ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. 2016 డిసెంబరు 8 రాత్రి నానక్‌రామ్‌గూడలోనే కడుతున్న ఏడంతస్తుల భవనం కూలి 11 మంది చనిపోయారు. రంగుల దాకా రాని ఇల్లది. కొనేవాళ్లు గోడ రంగు గురించి అడిగినన్ని ప్రశ్నలు స్తంభాల గురించి, అనుమతుల గురించి అడుగుతున్నారా అంటే... అనుమానమే.

సున్నంలో నీలిమందు

ఫ్లాటులోని పెద్దావిడకు గోడంటే సున్నమే. సంక్రాంతికో, ఇంట్లో పెళ్లికో వెల్ల వేసేవాళ్లు. కాల్చిన సున్నపురాయి తెచ్చి తొట్టిలో నీళ్లు పోస్తే కుతకుత ఉడికేది. పిల్లల్ని అటు రానిచ్చేవాళ్లు కాదు. చల్లారాక వడగట్టి, కాస్త బంక కలిపి, చిటికెడు నీలిమందు వేసేవాళ్లు. గోడ అడుగున జాజు పట్టీ. దాని మీద సున్నపు చుక్కలు. అంతే, ఇల్లు కొత్తదైపోయేది.

తెల్లటి సున్నంలో నీలం ఎందుకు? ఉత్త సున్నం ఆరాక లేత పసుపు ఛాయ కొడుతుంది. చిటికెడు నీలం పడితే ఆ పసుపు విరిగిపోయి తెలుపు తెల్లగా కనిపిస్తుంది. తెల్లచొక్కాకు నీలిమందు పెట్టినట్టే. అంటే ఇప్పుడీ ఇంట్లో తల్లీకొడుకుల మధ్య నిలబడ్డ రెండు రంగులూ ఒకప్పుడు ఒకే తొట్టిలో కలిసి ఉన్నవే! పసుపూ నీలమూ ఒకదాన్నొకటి చంపుకొనే రంగులని రసాయనం తెలియని వెల్లవేసేవాళ్లకూ తెలుసు.

సున్నాన్ని తక్కువ చేయడానికి లేదు. నానక్‌రామ్‌గూడకు కూతవేటు దూరంలోని గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధులు నిలిచింది సున్నపు గారతోనే. మధ్యలో ఎవరో బాగుచేస్తున్నామని సిమెంటు పూశారు. గోడలోని తేమ బయటికి రాలేక లోపల్లోపల తినేసింది. 2013లో పునరుద్ధరణ మొదలుపెట్టినప్పుడు ఆ సిమెంటు గీకేసి మళ్లీ సున్నమే వేశారు. సున్నం గాలి పీలుస్తుంది, సిమెంటు పీల్చదు. అంత తేడా.

సున్నం తర్వాత డిస్టెంపర్, ఆ తర్వాత ఎమల్షన్. చేతిలో బ్రష్షు, పక్కన రంగు డబ్బాతో ఉండే తుంటరి పిల్లాడు గట్టు గుర్తున్నాడా? ఏషియన్ పెయింట్స్ కోసం ఆర్.కె.లక్ష్మణ్ 1954లో గీసిన బొమ్మ. ఆ సంస్థ 1985లో పటాన్‌చెరులో ఫ్యాక్టరీ పెట్టింది. అప్పట్లో షాపుకెళితే షేడ్ కార్డులో ఉన్నవే రంగులు. కావాల్సింది దొరక్కపోతే మేస్త్రే డబ్బాలో స్టెయినరు చుక్కలు వేసి కర్రతో తిప్పేవాడు. రెండో డబ్బా మొదటిదానిలా వచ్చేది కాదు. అందుకే పాత ఇళ్లలో ఒక గోడ ఇంకో గోడకు అన్నదమ్ముల వరస తప్ప కవలల వరస కాదు. ఇప్పుడు షాపులో మిషను ఉంటుంది. నంబరు కొడితే తెల్ల బేసులో చుక్క లెక్కన రంగు పడుతుంది. వేల షేడ్లు. ఎంపిక తేలికైందా అంటే, లేదు. నాలుగు రంగులున్నప్పుడు నాలుగు నిమిషాలు పట్టేది. ఇప్పుడు నాలుగు వారాలు పడుతోంది.

పచ్చ అంటే ఏ పచ్చ?

తెలుగింట్లో రంగు చెప్పడంలోనే ఓ చిక్కుంది. పెద్దావిడ మొదట ‘పచ్చ’ అనే అంది. మేస్త్రికి ఆకుపచ్చ తట్టింది. కోడలికి పసుపుపచ్చ తట్టింది. ఇద్దరిదీ తప్పు కాదు. మన భాషలో పచ్చగడ్డీ పచ్చే, పచ్చని మేనిఛాయా పచ్చే. ఇక నీలం సంగతి సరేసరి. నీలమేఘశ్యాముడంటాం, నల్లనయ్యా అంటాం, ఇద్దరూ ఒకడే! కవులకు ఫర్వాలేదు. షాపులో మిషను ముందు మాత్రం కుదరదు. అక్కడ పేరు పనికిరాదు, షేడు నంబరే చెప్పాలి. కోడలు ఆ పని ముందే చేసింది. ఆవిడ చీరకొంగు చూపించి ‘‘ఇదేనా అత్తమ్మా?’’ అని అడిగి, కార్డులో దానికి దగ్గరి పసుపు పట్టుకుంది. ఆ తర్వాత దానికి రెండు మెట్లు లేతది ఎంచింది. ఎందుకంటే వేలెడు కాగితం మీద ముద్దొచ్చే రంగు నాలుగు గోడలకూ ఎక్కితే గట్టిగా అరిచినట్టు ఉంటుంది. కార్డులో చప్పగా కనిపించేదే గోడ మీద సరిపోతుంది. మేస్త్రులందరికీ తెలిసిన రహస్యమిది. కొనేవాళ్లు మాత్రం తెలుసుకునేది గోడ ఆరాకే!

కళ్లు చెప్పే కథ

పెద్దావిడ పసుపు కోరడం చాదస్తమనే అనుకున్నాడు కొడుకు. కానీ ఆమె కళ్లవైపు నుంచి చూస్తే సంగతి వేరు. వయసు మీద పడేకొద్దీ కంటిపాప కుంచించుకుపోతుంది. లోపలి కటకం పసుపు తిరుగుతుంది. ఇరవై ఏళ్లవాళ్ల కంట్లో రెటీనాకు చేరే వెలుతురులో అరవై ఏళ్లవాళ్లకు చేరేది మూడోవంతేనని నేత్రవైద్యుల లెక్క. పసుపు తిరిగిన కటకం ముందుగా అడ్డుకునేది నీలం కాంతిని. అందుకే పెద్దవాళ్లకు ముదురు నీలం దాదాపు నల్లగా కనిపిస్తుంది. నీలంచీర, నల్లచీర తేడా తెలియక బామ్మ తికమకపడితే నవ్వుకుంటాం కానీ, తప్పు ఆమెది కాదు. శుక్లాలు ముదిరితే మరీనూ. ఫ్రెంచి చిత్రకారుడు మోనే కళ్లకు శుక్లాలు వచ్చాక ఆయన బొమ్మల్లో ఎరుపు, గోధుమ ఛాయలు పెరిగాయి. 1923లో కంటికి ఆపరేషన్ అయ్యాక లోకం మరీ నీలంగా కనిపిస్తోందని ఇబ్బందిపడ్డాడు. మన హైదరాబాదులో 1987 నుంచి నడుస్తున్న ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటి చోట్ల శుక్లాల ఆపరేషన్ చేయించుకుని వచ్చిన పెద్దవాళ్లు కూడా తరచూ అనే మాట అదే... గోడ ఇంత తెల్లగా ఉందా అని.

గోడ ఎంత వెలుతురును తిప్పికొడుతుందో కొలిచే లెక్క కూడా ఉంది. పెద్ద కంపెనీల షేడు వివరాల్లో దాన్ని వేస్తారు. లేత పసుపు తన మీద పడిన వెలుతురులో డెబ్బై, ఎనభై శాతం వెనక్కి ఇస్తుంది. ముదురు నీలం పది శాతం కూడా ఇవ్వదు, మింగేస్తుంది. ఒక గోడ ఇచ్చింది ఇంకో గోడకు తగిలి మళ్లీ వస్తుంది కాబట్టి గది మొత్తంలో తేడా ఇంకా పెరుగుతుంది. అదే ట్యూబులైటు, అదే కిటికీ... నాలుగు గోడలూ నీలమైతే ఆవిడకు మాత్ర పేరు చదవడానికి ఇంకో దీపం కావాలి.

ఇంతవరకూ పసుపుదే గెలుపు. కానీ కథ ఇక్కడితో అయిపోలేదు.

నాలుగు పూటలు

గోడ మీది రెండు చదరాలను చూసి మేస్త్రి పెదవి విరిచాడు. ‘‘ఇట్ల పక్కపక్కన పెడితే ఏదీ తెల్వదు సార్’’ అన్నాడు. ఆయన అనుభవంతో అన్న మాటకు పెద్ద శాస్త్రమే ఉంది. పారిస్‌లో గోబెలిన్ తివాచీల కార్ఖానాలో రంగుల బాధ్యత చూసిన షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్తకు ఓ ఫిర్యాదు వచ్చింది. నల్లదారం నల్లగా లేదని. ఆయన పరీక్షిస్తే దారంలో లోపం లేదు. పక్కనున్న రంగు వల్ల కన్ను మోసపోతోంది. ఆ సంగతే 1839లో పుస్తకంగా రాశాడు. విరుద్ధమైన రెండు రంగులు పక్కపక్కన ఉంటే ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటాయి. నీలం పక్కన పసుపు మరింత పసుపవుతుంది, పసుపు పక్కన నీలం మరింత నీలమవుతుంది. తోడికోడళ్లను ఒకే పెళ్లిలో పక్కపక్కన కూర్చోబెట్టి పోల్చినట్టే!

మేస్త్రి రెండు అట్టలు తెచ్చి, ఒక్కోదానికి ఒక్కో రంగు రెండు కోటింగులు వేశాడు. వాటిని విడివిడిగా, వేర్వేరు గోడలకు ఆనించి మూడు రోజులు చూడమన్నాడు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, దీపాలు పెట్టాక. అసలు పరీక్ష అక్కడ మొదలైంది.

గది కిటికీ పడమటికి. పడమటి గదికి పొద్దుటి ఎండ రాదని ఎవరైనా చెబుతారు. నానక్‌రామ్‌గూడలో వస్తుంది! ఎదురుగా ఉన్న అద్దాల టవర్ మీద తూర్పు ఎండ పడి, అద్దంలోంచి తిరిగి సూటిగా ఈ కిటికీలోకి. కొడుకు షిఫ్టు ముగించి మంచమెక్కే వేళకు సరిగ్గా ముఖం మీదికి. నీలం అట్ట పక్కనే పడుకున్నాడు. ఏం లాభం? కళ్లు మూసుకున్నాక గోడ రంగెవరికి కావాలి, రెప్పల మీద పడే వెలుతురు కావాలి కానీ. రెండో రోజు కిటికీకి దళసరి దుప్పటి కట్టి పడుకున్నాడు. ఆ చీకట్లో పసుపు అట్ట ఎక్కడుందో కూడా తెలియలేదు. అంటే అతనికి కావాల్సింది నీలం గోడ కాదు, వెలుతురు చొరబడని కర్టెన్. ఆ మాట అతనే ఒప్పుకున్నాడు, కాస్త ఆలస్యంగా.

సాయంత్రం నాలుగు తర్వాత అసలు ఎండ. అది తగిలితే పసుపు అట్ట నారింజకు తిరిగింది. కాస్త ఎక్కువే అనిపించింది. నీలం అట్ట ఆ వేళలోనే అందంగా ఉంది. రాత్రి తెల్లటి ఎల్‌ఈడీ ట్యూబు కింద పసుపుకి ఆకుపచ్చ జీర వచ్చింది. అదే పసుపు, బల్బు మార్చి వెచ్చటి వెలుతురు పెడితే నెయ్యి రంగులోకి వచ్చింది. నీలానిది రివర్సు. తెల్లటి దీపంలో నీలం, వెచ్చటి దీపంలో మసి. ఒక రంగు డబ్బా కొంటున్నామనుకుంటాం కానీ నిజానికి నాలుగు రంగులు కొంటున్నాం. ఏ పూటకు ఏది వస్తుందన్నది దీపానిదీ కిటికీదీ.

మూడో రోజు రాత్రి అనుకోని సంగతి ఒకటి జరిగింది. పెద్దావిడ నీళ్లకు లేచింది. కరెంటు స్విచ్చులు తెల్లవి, బిల్డరు గోడ దాదాపు తెలుపే. రోజూ తడుముకునేది. ఆ రోజు స్విచ్చుబోర్డు కింద నీలం అట్ట ఆనించి ఉంది. దాని మీదుగా బోర్డు అంచు తెల్లగా తేలి కనిపించింది. తడుముకోకుండా నొక్కేసింది. ‘‘గా నీలిదాని కాడ నాకు మీట మంచిగ కండ్లబడ్తున్నది బిడ్డా’’ అని పొద్దున్నే కోడలికి చెప్పింది. పసుపు కోరిన మనిషి నోట నీలానికి ఓటు!

ఇందులోనూ వింత లేదు. తగ్గిన చూపుకు కావాల్సింది ఫలానా రంగు కాదు, పక్కపక్కన తేడా. లేత గోడ మీద లేత స్విచ్చు, లేత గోడలో లేత తలుపు, తెల్ల టైల్స్ మీద తెల్ల గడప... వయసు మళ్లినవాళ్లు ఇళ్లల్లో జారిపడే చోట్లు చాలావరకు ఇవే. బాత్రూమ్ తలుపు చుట్టూ, స్విచ్చు వెనక, మెట్టు అంచున గోడకు విరుద్ధమైన రంగు ఉంటే కాలు తడబడదు. ఖరీదైన ఇళ్లల్లో ఇప్పుడు ఫ్యాషనైన తెలుపు మీద తెలుపు, బూడిద మీద బూడిద పెద్దవాళ్లకు పగవాళ్లు. జాజు మీద సున్నపు చుక్క పెట్టిన పల్లెటూరి గోడకే ఈ విషయంలో తెలివి ఎక్కువ.

ఇంకో తమాషా. మసక వెలుతురులో కంటికి ఎరుపు, పసుపులు డల్లయి, నీలాలు కాస్త మెరుస్తాయి. పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే కనిపెట్టిన సంగతి ఇది. సాయంసంధ్యలో ఎర్ర మందారం నల్లబడి, ఆకులు తేటగా కనిపించేది అందుకే. పగలు గెలిచే పసుపు మునిమాపు వేళ కొంత ఓడిపోతుందన్నమాట.

కోడలి వంతు

అప్పటికి కోడల్ని అడిగారు. ఆమె దగ్గర చాలా లెక్కలున్నాయి. గది 12 అడుగులు, 11 అడుగులు. ఎత్తు 10. తలుపులూ కిటికీ తీసేస్తే గోడలు దాదాపు 400 చదరపు అడుగులు. రెండు కోటింగులకు మూడు లీటర్లు చాలు. కానీ ముదురు రంగులకు తెల్ల బేసు పనికిరాదు, వేరే బేసు కావాలి. ధర ఎక్కువ. ఒక్కోసారి మూడో కోటింగు కూడా అడుగుతుంది. రేపు మనసు మారి లేత రంగు వేద్దామంటే నీలాన్ని కప్పడానికి మళ్లీ ప్రైమరు. పైగా ఊరంతా నిర్మాణాలు. కిటికీ తెరిస్తే దుమ్ము. ముదురు నీలం మీద ఆ దుమ్మూ, పిల్ల చేతిగోళ్ల గీతలూ తెల్లగా తేలతాయి. లేత పసుపు మీద దుమ్ము కనిపించదు కానీ స్విచ్చుల చుట్టూ నూనె చేతుల మరకలు అయిదారు నెలలకే. తుడిచేదెవరు? తనే!

ఇంకో మాట కూడా ఆమే అడిగింది. పిల్ల గోడలు గీకి నోట్లో పెట్టుకునే వయసులో ఉంది, ఈ రంగులో సీసం ఉందా అని. అడగాల్సిన ప్రశ్నే. పాతకాలపు మెరిసే పసుపు రంగుల్లో చాలావాటికి ఆ మెరుపు లెడ్ క్రోమేటు నుంచి వచ్చేది. చిన్నపిల్లల మెదడుకు సీసం శత్రువు. మనదేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని 2016లో నిబంధనలు చేశారు. 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. డబ్బా మీద ఆ మాట రాసి ఉందో లేదో చూసి కొనడం మంచిది. పాత ఇళ్లలో అంతకుముందు వేసిన ఎనామిల్ రంగుల్ని ఎమెరీ కాగితంతో పొడిగా రుద్దించడం మాత్రం ప్రమాదం. ఆ దుమ్ములోనే సీసం ఉంటుంది. తడిపి రుద్దాలి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకూడదు.

రంగులు మనసును మారుస్తాయన్న ప్రచారానికి మాత్రం ఆమె లొంగలేదు. నీలం శాంతినిస్తుంది, పసుపు ఉత్సాహమిస్తుంది అని షాపులవాళ్లు చెప్పేవి వినడానికి బాగుంటాయి. 1979లో అమెరికాలోని సియాటిల్‌లో నౌకాదళ జైలు గదికి ఓ రకం గులాబీ రంగు వేసి, ఖైదీల దుడుకు తగ్గిందన్నారు. ఆ రంగు లోకమంతా జైళ్లకెక్కింది. తర్వాత జాగ్రత్తగా చేసిన పరీక్షల్లో అలాంటి ప్రభావమేమీ కనిపించలేదు. వాస్తు పట్టికలూ అంతే. ఒక పుస్తకం పడమటి గదికి నీలమంటే ఇంకోటి తెలుపంటుంది. ఇంట్లో పెద్దవాళ్ల మాట తీసేయలేనప్పుడు అనుకూలమైన పుస్తకం వెతుక్కోవచ్చు! ముదురు రంగు వేస్తే గది వేడెక్కుతుందన్న భయం కూడా గోడ లోపలివైపు విషయంలో పెద్దగా నిలవదు. వేడి సంగతి తేలేది బయటి గోడ దగ్గర, డాబా దగ్గర. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది అందుకే. అక్కడ తెలుపుకు తిరుగులేదు.

మేస్త్రి లప్పం పెట్టి, ఎమెరీ కాగితంతో రుద్ది, ప్రైమరు కొట్టాడు. కిటికీ ఎదురుగోడ, దాని పక్కవి రెండూ నెయ్యిలాంటి లేత పసుపు. స్విచ్చుబోర్డు, బాత్రూమ్ తలుపు ఉన్న నాలుగో గోడ ఒక్కటీ నీలం. మొదట ఎంచిన మబ్బు నీలం కాదు, దానికి ఒక మెట్టు తేలిక. ఆ గోడ మీద తలుపు చట్రం తెలుపు. పసుపు రెండున్నర లీటర్లు పట్టింది, నీలం లీటరులోపే. కిటికీకి దళసరి కర్టెన్లు రెండు జతలు. రంగుకన్నా అవే ఖరీదయ్యాయి. తెల్లటి ట్యూబు తీసేసి వెచ్చటి బల్బులు రెండు పెట్టారు. బీరువాలో ఒక అర ఖాళీ చేసి ఆవిడ చీరలు సర్దారు. అంతవరకూ అవి సూట్‌కేసులోనే ఉన్నాయి.

పని ముగిసి మేస్త్రి బ్రష్షులు కడుక్కుంటుంటే పెద్దావిడ గిన్నెలో పసుపు కలుపుకుని వచ్చి గడప ముందు కూర్చుంది. ‘‘పెద్దమ్మా, కొత్త పాలిష్ ఉన్నది, మరకైతది’’ అన్నాడతను. ఆవిడ వినలేదు. పసుపు అంచు దాకా రాసి, అయిదు కుంకుమ బొట్లు పెట్టింది. వంటింటి పసుపు నిలిచే రంగు కాదు. వెలుతురు తగిలితే నాలుగు రోజుల్లో వెలిసిపోతుంది. ఎదురు టవర్ అద్దంలోంచి వచ్చే పొద్దుటి ఎండ, తలుపు తీసి ఉంటే, ఆ గడప దాకా వస్తుంది. వచ్చే శుక్రవారం మళ్లీ రాయాలి.